పవర్ ట్యూబ్ మారిస్తే ఆంప్ గొంతు ఎంత మారుతుంది?

(బెంగళూరు ఇందిరానగర్‌లోని ఒక రిహార్సల్ గదిలో, ఆదివారం ఉదయం కలుసుకున్న తెలుగు గిటారిస్టుల ముందు చేసిన ప్రసంగానికి పాఠం)

అందరికీ నమస్కారం. ఇంత పొద్దున్నే, అందులోనూ ఆదివారం, మారతహళ్ళి నుంచీ వైట్‌ఫీల్డ్ నుంచీ ట్రాఫిక్ దాటుకుని వచ్చారు. ముందు ఒక కార్డ్ వినండి. మాటలు తర్వాత.

(ఇక్కడ ఈ మేజర్ (E major) కార్డ్‌ను ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా వినిపించారు.)

ఇప్పుడు ఈ ఆంప్‌లో, అంటే గిటార్ ధ్వనిని పెద్దది చేసే ఈ యాంప్లిఫయర్‌లో, ఉన్నవి రెండు 6ఎల్6 ట్యూబులు. చివర్లో స్పీకరును మోగించే పవర్ ట్యూబులు ఇవే. ఇది 50 వాట్ల ఆంప్. మార్షల్ కంపెనీ పాత ఆంప్ సర్క్యూట్ చూసి నేనే కట్టుకున్నాను. ట్రాన్స్‌ఫార్మర్లు ఇక్కడే చుట్టించాను. మీరు విన్నది నా చేతి వాయింపు కాదు. లూపర్ పెడల్‌లో ముందే రికార్డు చేసిన ముక్క. మనిషి రెండోసారి వాయిస్తే మొదటిసారిలా వాయించడు. కాబట్టి చెయ్యి మారకూడదు, ట్యూబు ఒక్కటే మారాలి. అందుకే ఈ ఏర్పాటు.

ఇప్పుడు ఆంప్ ఆపేస్తున్నాను. ట్యూబులు చల్లారడానికి సమయం పడుతుంది. ఈలోగా ఇవి ఎక్కడి నుంచి వచ్చాయో చెబుతాను.

మా మామయ్యకు హిందూపురంలో రేడియో రిపేరు షాపు ఉండేది. సెలవుల్లో నేను అక్కడే ఉండేవాణ్ణి. అప్పట్లో వీటిని ఎవరూ ట్యూబులు అనేవారు కాదు, వాల్వులు అనేవారు. స్విచ్ వెయ్యగానే రేడియో పలికేది కాదు. లోపల ఎర్రటి వెలుగు నెమ్మదిగా పుంజుకునేది, ముందున్న ఆకుపచ్చ కన్ను విచ్చుకునేది, ఆ తర్వాత వార్తలు వచ్చేవి. మామయ్య బల్ల సొరుగులో బెల్, అంటే భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్ళ, అట్టపెట్టెలు వరుసగా ఉండేవి. 1954లో మన జాలహళ్ళిలో మొదలైన భారత్ ఎలక్ట్రానిక్స్ 1961 నుంచి రేడియో వాల్వులు తయారుచేసింది. వాటిలో ఇఎల్84 కూడా ఉంది. రేడియో స్పీకరును మోగించే చివరి వాల్వు అది. బీటిల్స్ వాడిన వోక్స్ ఏసీ30 ఆంప్‌లో ఉన్నవీ, క్వీన్ బ్యాండ్ గిటారిస్టు బ్రయన్ మే నేటికీ వాడే ఆంప్‌లో ఉన్నవీ అవే ఇఎల్84లు. రేడియోలో ఒకటి ఉంటే అక్కడ నాలుగు. జాలహళ్ళిలో పుట్టిన వాల్వు హిందూపురంలో ప్రాంతీయ వార్తలు చదివింది. అదే రకం వాల్వు లివర్‌పూల్ కుర్రాళ్ళు బీటిల్స్ గిటార్‌ను మోగించింది. ఈ సంగతి నాకు పాతికేళ్ళు దాటాక తెలిసింది. తెలిసిన రోజు రాత్రి నిద్రపట్టలేదు.

ఇప్పుడు పవర్ ట్యూబుల కుటుంబం గురించి. అమెరికాలో ఆర్‌సీఏ కంపెనీ 6ఎల్6ను 1936లో తెచ్చింది. దాని పుట్టుక వెనుక పేటెంట్ కథ ఒకటుంది. ట్యూబులో వేడెక్కిన కేథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు బయల్దేరి ప్లేటును తాకుతాయి. వేగంగా తాకితే ప్లేటు నుంచి వేరే ఎలక్ట్రాన్లు చిందుతాయి. గచ్చు మీద వానచినుకు పడితే చిందినట్టు. చిందినవి పక్కనున్న స్క్రీన్ గ్రిడ్ అనే తీగచుట్ట వైపు పోతే ట్యూబు పనితీరులో ఒక వంకర వస్తుంది. దాన్ని ఆపడానికి మధ్యలో ఇంకో గ్రిడ్ పెడితే అది పెంటోడ్. ఆ పేటెంట్ ఫిలిప్స్ చేతిలో ఉంది. మిగిలినవాళ్ళు వేరే దారి వెతికారు. గ్రిడ్ బదులు రెండు రేకులు పెట్టి ఎలక్ట్రాన్లను పాయలుగా కట్టారు. అదే బీమ్ టెట్రోడ్. 6ఎల్6, 6వి6, కెటి66, కెటి88, 6550 అన్నీ ఈ వంశమే. ఇఎల్34, ఇఎల్84 పెంటోడ్ వంశం.

గిటారిస్టులు ఈ రెండు వంశాలకూ రెండు దేశాల పేర్లు పెట్టేశారు. 6ఎల్6 అంటే అమెరికన్ టోన్. శుభ్రంగా, వెడల్పుగా, కింద బిగువుగా, పైన మెరుపుతో ఉంటుంది. ఇఎల్34 అంటే బ్రిటిష్ టోన్. నడిమి స్థాయి ముందుకు వస్తుంది, కాస్త గట్టిగా మీటితే గరగరలాడుతుంది. 6వి6 మెత్తగా, తొందరగా చిట్లుతుంది, అంటే ధ్వని పగిలి గరగరలాడుతుంది. ఇఎల్84 గణగణమంటుంది. కెటి88, 6550 ఎంత గట్టిగా వాయించినా తొణకవు. ఈ వర్ణనలు అబద్ధం కాదు. అయితే అవి ట్యూబు ఒక్కదాని గుణాలు అనుకుంటేనే పొరపాటు.

జిమ్ మార్షల్ కథే చూడండి. లండన్‌లో డ్రమ్ములు, గిటార్లు అమ్మే షాపు ఆయనది. 1962 ప్రాంతంలో అక్కడివాళ్ళు అమెరికాలోని ఫెండర్ కంపెనీ బాస్‌మన్ ఆంప్ చూసి, దాదాపు అదే సర్క్యూట్‌తో జేటీఎం45 అనే ఆంప్ కట్టారు. మొదట్లో అమెరికన్ 5881 ట్యూబులు, అంటే 6ఎల్6 రకమే. అవి అక్కడ ఖరీదు, దొరకడమూ కష్టం. ఆ తర్వాత కెటి66లు వచ్చాయి. 1960ల మధ్య నుంచి ఇఎల్34లు. అంటే ఈ రోజు మనం బ్రిటిష్ టోన్ అని పూజించే దాంట్లో బజారులో ఏది చవకగా దొరికిందన్న లెక్క చాలా ఉంది. ఇంకో సంగతి. బాస్‌మన్‌లో వెనకవైపు తెరిచిన పెట్టెలో నాలుగు పదంగుళాల జెన్సెన్ స్పీకర్లు ఉండేవి. మార్షల్ మూసిన పెట్టెలో నాలుగు పన్నెండంగుళాల సెలెస్టియన్ స్పీకర్లు పెట్టారు. ఆ తేడా ముందు ట్యూబు తేడా చిన్నది. కానీ పేరు మొత్తం ట్యూబుకే వచ్చింది. ఎందుకంటే ట్యూబు వెలుగుతుంది, కంటికి కనిపిస్తుంది, చేత్తో పీకి మార్చగలం.

ఇప్పుడు చల్లారాయి. 6ఎల్6లు తీసి ఇఎల్34లు పెడుతున్నాను. మధ్యలోని నల్లటి బుడిపెను సాకెట్ గాడిలో సరిచూసుకుని కిందికి నొక్కాలి. గాజును పట్టుకుని అటూ ఇటూ ఊపకండి, కింద బేస్ పట్టుకుని తీయండి. ఈ వెండిపూత చూశారా, గాజు లోపల పైభాగంలో? లోపల మిగిలిన గాలిని పీల్చేది అదే. అది తెల్లబడితే లోపలికి గాలి వెళ్ళినట్టే, ఆ ట్యూబు పని అయిపోయింది. వాయిస్తున్నప్పుడు గాజు మీద నీలిరంగు మెరుపు కనిపిస్తే మాత్రం భయపడక్కర్లేదు. చాలా మంచి ట్యూబుల్లో అది ఉంటుంది.

6ఎల్6కూ ఇఎల్34కూ ఒకటే ఎనిమిది పిన్నుల బేస్. అందుకే ప్రమాదం. పట్టింది కదా అని పెట్టేస్తాం. మూడు తేడాలున్నాయి. ఇఎల్34కు ఒకటో పిన్ను మీద ఆ అదనపు గ్రిడ్ ఉంటుంది, దాన్ని ఎనిమిదో పిన్నుతో కలపాలి. 6ఎల్6లో ఒకటో పిన్ను ఖాళీ కాబట్టి కొన్ని ఆంప్‌లలో ఆ సాకెట్ పిన్నుకు వేరే తీగలు సోల్డర్ చేసి ఉంటాయి. అక్కడ ఇఎల్34 పెడితే గోల. రెండోది హీటర్, అంటే కేథోడ్‌ను వేడిచేసే తీగ. 6ఎల్6లో ఒక రకమైన 6ఎల్6జీసీ 0.9 ఆంపియర్లు తాగుతుంది, ఇఎల్34 1.5 తాగుతుంది. జతకు 1.2 ఆంపియర్లు అదనం. ట్రాన్స్‌ఫార్మర్‌లో ఆ సత్తా లేకపోతే అది కాలుతుంది. మూడోది బయాస్. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

పదేళ్ళ కిందట నేను చేసిన పని చెబుతాను. మన ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్‌పీ రోడ్డులో ఒక జత 6ఎల్6లు దొరికాయి. సంతోషం పట్టలేక ఇంటికి రాగానే ఇఎల్34 ఆంప్‌లో పెట్టేశాను. బయాస్ ముట్టుకోలేదు. అద్భుతంగా పలికింది. లావుగా, తియ్యగా, తీగ వదిలినా నాదం వదలనట్టు. పది నిమిషాలు అయ్యాక గదిలో ఏదో కాలిన వాసన. వెనక్కి తిరిగి చూస్తే ఒక ట్యూబులో బూడిదరంగు ప్లేటు మధ్యలో కుంపట్లో బొగ్గులా ఎర్రగా ఉంది. స్విచ్ దగ్గరికి చెయ్యి వెళ్ళేలోపే ఫ్యూజు పోయింది. ఆ జతలో ఒక ట్యూబు ఇక పనికిరాలేదు. ట్రాన్స్‌ఫార్మర్ బతికింది, అదే అదృష్టం.

ఏం జరిగిందంటే, ట్యూబు కొళాయి లాంటిది. కేథోడ్ పక్కనున్న మొదటి గ్రిడ్ మీద మైనస్ వోల్టేజీ పెట్టి కొళాయిని కొంత బిగిస్తాం. ఏమీ వాయించనప్పుడు కూడా సన్నగా ధార కారుతూ ఉండాలి. ఆ బిగింపే బయాస్. 450 వోల్టుల ప్లేటు మీద ఇఎల్34కు దాదాపు మైనస్ 38 దగ్గర సరిపోతుంది. 6ఎల్6కు మైనస్ 48 దగ్గర ఉండాలి. నేను 38 దగ్గరే వదిలేశాను. కొళాయి బార్లా తెరిచి వెళ్ళిపోయినట్టు. ఇక తిరగేసి చూడండి. 6ఎల్6 ఆంప్‌లో ఇఎల్34 పెట్టి బయాస్ ముట్టుకోకపోతే కొళాయి మరీ బిగుసుకుంటుంది. ఏదీ కాలదు కానీ నోటు చివర్లో చిరచిరమని, ఇసుక నమిలినట్టు వస్తుంది. చాలామంది అది విని ఇఎల్34 బాగాలేదు అంటారు. అది ట్యూబు తప్పు కాదు, బిగింపు తప్పు.

లెక్క చూద్దాం. ఇఎల్34 ప్లేటు తట్టుకునేది 25 వాట్లు. ఏమీ వాయించనప్పుడు అందులో 70 శాతం దాటకూడదని మా పనిలో ఒక కొలత. 17.5 వాట్లు. దాన్ని 450తో భాగిస్తే దాదాపు 39 మిల్లీ ఆంపియర్లు. 6ఎల్6జీసీకి 30 వాట్లు కాబట్టి 21 వాట్లు, అంటే దాదాపు 47 మిల్లీ ఆంపియర్లు. కేథోడ్‌కూ గ్రౌండ్‌కూ మధ్య ఒక ఓమ్ రెసిస్టర్ పెడితే, దాని మీద ఒక మిల్లీవోల్ట్ కనిపిస్తే ఒక మిల్లీ ఆంపియర్ పోతున్నట్టు. అందులో స్క్రీన్ కరెంటు కూడా కొంచెం కలిసి ఉంటుంది.

ఇదిగో మల్టీమీటర్. స్పీకర్ తీగ తగిలించి ఉంది. స్పీకర్ లేకుండా ట్యూబు ఆంప్ ఎప్పుడూ ఆన్ చెయ్యకండి. స్విచ్ వేశాను. ఎడమ ట్యూబు 31, కుడి ట్యూబు 33. ఈ చిన్న స్క్రూ మెల్లగా తిప్పుతున్నాను. 35... 37... ఆగాను. వేడెక్కేకొద్దీ ఇంకా కొంచెం పెరుగుతుంది. ఐదు నిమిషాలు చూసి మళ్ళీ సరిచేయాలి. రెండు ట్యూబుల మధ్య రెండు మూడు మిల్లీ ఆంపియర్ల తేడా పరవాలేదు.

మన ఊరి కరెంటు సంగతి కూడా. 230 ఉండాల్సింది రాత్రిపూట 250 దాకా వెళ్ళే ఇళ్ళున్నాయి. అప్పుడు మీ 450 వోల్టులు 489 అవుతాయి, హీటర్‌కు వెళ్ళే 6.3 వోల్టులు 6.8 దాటుతాయి. మధ్యాహ్నం బయాస్ పెట్టుకున్న ఆంప్ రాత్రి ఇంకో ఆంప్. నేను గోడ ప్లగ్గు వోల్టేజీ చూడకుండా బయాస్ పెట్టను. అమెరికా నుంచి తెచ్చుకున్న 120 వోల్టుల ఆంప్‌ను స్టెప్‌డౌన్ పెట్టి వాడేవాళ్ళు దీన్ని మరీ గమనించాలి.

ఇప్పుడు వినండి. అదే లూప్, అదే నాబ్.

(అదే కార్డ్ వినిపించారు.)

ముందుకు దూసుకొచ్చింది కదూ. చిట్లింది కూడా. ఇదే బ్రిటిష్ టోన్ అంటారు. ఆగండి. ఇఎల్34కు సున్నితం ఎక్కువ. గ్రిడ్ మీద ఒక వోల్టు కదిలిస్తే కరెంటు 11 మిల్లీ ఆంపియర్లు కదులుతుంది. 6ఎల్6లో అది ఐదు, ఆరు దగ్గర. ఇఎల్34ను పూర్తిగా ఊపడానికి 38 వోల్టుల ఊపు చాలు, 6ఎల్6కు 48 కావాలి. కాబట్టి వాల్యూమ్ నాబ్ ఒకే చోట ఉంటే మీరు పోల్చింది రెండు ట్యూబుల గొంతులను కాదు. ఒకదాన్ని గట్టిగా, ఇంకోదాన్ని మెల్లగా పోల్చారు. కాస్త ఎక్కువ మోగేది చెవికి ఎప్పుడూ మంచిదిగానే అనిపిస్తుంది. ఇప్పుడు వాల్యూమ్ తగ్గించి ఇందాకటి 6ఎల్6 మోతతో సమానం చేస్తున్నాను. పోయిన వారం ఇదే గదిలో 6ఎల్6తో, ఇదే మైకుతో రికార్డు చేసిన ముక్క కూడా పక్కన పెట్టాను. ఏది ఏదో చేతులెత్తండి.

(రెండూ మెల్లటి మోతలో వినిపించారు.)

చూశారుగా, చేతులు అటూ ఇటూ లేచాయి. ఇప్పుడు రెండింటినీ చిట్లే దాకా పెంచి వినిపిస్తాను.

(గట్టి మోతలో వినిపించారు.)

ఇప్పుడు దాదాపు అందరూ సరిగ్గా చెప్పారు. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదే. పవర్ ట్యూబు తన గొంతు విప్పేది దాన్ని అంచు దాకా నెట్టినప్పుడే. అపార్ట్‌మెంట్‌లో మాస్టర్ వాల్యూమ్ రెండు మీద పెట్టి, పక్కింటివాళ్ళు తలుపు తట్టకుండా వాయిస్తే, మీరు వినే గరగర అంతా ముందుగా గిటార్ సంకేతాన్ని పెంచే చిన్న ఈసీసీ83 ట్యూబులది. పవర్ ట్యూబు అక్కడ కూర్చుని చూస్తూ ఉంటుంది. దాన్ని మార్చడానికి వేలు ఖర్చు పెట్టి తేడా వెతుక్కోవడం నాకు బాధగా ఉంటుంది. అదే డబ్బుతో మంచి స్పీకర్ కొనండి. లేదా అటెన్యుయేటర్, అంటే ఆంప్‌కూ స్పీకర్‌కూ మధ్య పెట్టి మోత తగ్గించే పెట్టె.

గట్టిగా వాయించినప్పుడు తేడా ఎందుకు వస్తుందన్నదానికి తంబురా గుర్తు తెచ్చుకోండి. గుర్రం మీద తీగ కింద చిన్న దారం పెడతారు. దాన్ని వెంట్రుకవాసి జరిపితే అదే తీగ, అదే శ్రుతి, కానీ జుమ్మనే నాదం విచ్చుకుంటుంది. దారం కొత్త స్వరాన్ని పుట్టించలేదు, తీగలోని ఉపస్వరాలను పైకి తెచ్చింది. ట్యూబు అంచుకు చేరి తరంగం కొన తెగినప్పుడు కూడా ఉపస్వరాలే పుడతాయి. రెండు ట్యూబులు ఎదురెదురుగా లాగే ఈ పుష్‌పుల్ ఆంప్‌లో సరిసంఖ్య ఉపస్వరాలు చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, బేసివి మిగులుతాయి. ఆ కొన ఎంత మెత్తగా, ఎంత కరుకుగా తెగుతుందన్నది ఒక్కో ట్యూబులో ఒక్కో తీరు.

ఇంకో కారణం ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. మీ స్పీకర్ మీద 8 ఓమ్‌లు అని రాసి ఉంటుంది. అది అన్ని స్వరాలకూ 8 కాదు. కింద 80, 100 హెర్ట్జ్ దగ్గర చాలా రెట్లు పెరుగుతుంది, పైస్థాయిలో మళ్ళీ ఎక్కుతుంది. ఈ ట్యూబులు సహజంగా ఆ ఎత్తుపల్లాలను అనుసరిస్తాయి, అంటే అక్కడ ఎక్కువ మోగిస్తాయి. ఆ స్వేచ్ఛకు కళ్ళెం నెగటివ్ ఫీడ్‌బ్యాక్, అంటే బయటికి వచ్చే సంకేతంలో కొంత వెనక్కి ఎదురుగా పంపడం. ట్యూబు సున్నితం మారితే కళ్ళెం బిగువు కూడా మారుతుంది. 6ఎల్6 పెట్టగానే కిందిస్థాయి వేరుగా అనిపించడంలో దీని పాత్ర ఉంది. ఏసీ30లో ఆ ఫీడ్‌బ్యాక్ లేదు. అందుకే అలాంటి ఆంప్‌లో ట్యూబు మార్పు చెవికి తొందరగా తెలుస్తుంది.

ఇంక మీ ప్రశ్నలు.

"అన్నా, ఈ ఆంప్‌లో 6వి6 పెడితే ఇంట్లో వాయించడానికి మెల్లగా ఉంటుందా?"

పెట్టకు తమ్ముడూ. 6వి6 చిన్న ట్యూబు, ప్లేటు 14 వాట్ల దాకానే. 450 వోల్టులు దానికి మరీ ఎక్కువ. పైగా జతకు ఎనిమిది వేల ఓమ్‌ల దగ్గరి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, ఇందులో ఉన్నది అందులో సగం కూడా లేదు. మోత కూడా నువ్వనుకున్నంత తగ్గదు. 100 వాట్లను 50 చేస్తే తగ్గేది 3 డెసిబెల్సే.

"కొత్త ట్యూబులు పెట్టగానే ఆంప్‌కు ప్రాణం వచ్చింది సార్. ఆ బ్రాండ్ గొప్పదనమేనా?"

మీరు తీసేసినవి ఎన్నేళ్ళవమ్మా? ఆరేళ్ళా. అయితే మీరు అరిగిన చెప్పును కొత్త చెప్పుతో పోల్చారు. అదే బ్రాండ్ కొత్త జత పెట్టినా ప్రాణం వచ్చేది. ఈ రోజు గిటార్ ట్యూబులు తయారుచేసే ఫ్యాక్టరీలు ప్రపంచంలో వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. స్లొవాకియాలో జేజే, రష్యాలో సరాటోవ్, చైనాలో కొన్ని. సరాటోవ్ ఒక్కచోటే ఎలక్ట్రో-హార్మోనిక్స్, సోవ్‌టెక్, టంగ్-సోల్, మళ్ళీ తెచ్చిన మల్లార్డ్ పేర్లతో ట్యూబులు వస్తాయి. పేరు చూసి కొనకండి. జత సరిచూసి, కొలతలు రాసి ఇచ్చేవాళ్ళ దగ్గర కొనండి.

"నా ఆంప్ తెచ్చాను అన్నా. 6ఎల్6లు కొత్తవి. బయాస్ ఎప్పుడూ చూపించలేదు."

తీసుకురా, ఈ బల్ల మీద పెట్టు. వెనక పలక నేనే విప్పుతాను. ఆపేసినా లోపల కెపాసిటర్లలో 400 వోల్టుల పైన నిలిచి ఉంటుంది, ముందు దాన్ని రెసిస్టర్‌తో ఖాళీ చెయ్యాలి. మీరంతా ఇటువైపు రండి, నా ఎడమచెయ్యి జేబులో ఎందుకు పెట్టుకుంటున్నానో చూడండి. ఒక చేతి నుంచి ఇంకో చేతికి కరెంటు పోతే దారిలో గుండె ఉంటుంది. సరే, ఖాళీ అయింది. మీటర్ సున్నా చూపిస్తోంది. ఇప్పుడు మీటరు తీగలు తగిలించేశాను, చేతులు బయటికి తీశాను. తమ్ముడూ, స్పీకర్ తీగ తగిలించి స్విచ్ వెయ్యి.